ఇరవై నిమిషాల అప్పగింత

గోదావరిఖని,
14 జులై 2003.

ప్రియమైన యేసుదానానికి,

మీ అక్క నలభయ్యో రోజు కూడికకు నువ్వూ సారవ్వా వచ్చి వెళ్ళిన తర్వాత ఇల్లు సర్దుకున్నాను. కుర్చీలు చర్చికి తిరిగి పంపాను. మా అమ్మాయి గ్లోరియా వరంగల్ హాస్టలుకు వెళ్ళిపోయింది. వంట నేనే చేసుకుంటున్నాను. ఒక్కడికి ఎన్ని బియ్యం పోయాలో ఇంకా తెలియడం లేదు.

మీ అక్క కుట్టుమిషను కిటికీ దగ్గరే ఉంది. దాని మీద సగం కుట్టిన జాకెట్టు ఒకటి ఉంది. ఎవరిదో తెలియదు. క్వార్టర్ల వరుసలో ఎవరైనా వచ్చి అడుగుతారని చూస్తున్నాను. ఎవరూ రాలేదు. నన్ను చూసి మొహమాటపడుతున్నారేమో. సారవ్వకు మిషను కావాలంటే చెప్పు, పంపిస్తాను.

బస్టాండులో నువ్వు అడిగావు, అక్క ఎట్ల పోయిందని. అప్పుడు బస్సు కదిలింది. ఆపరేషన్ బాగానే జరిగింది. నాలుగో రోజు ఉదయం గుండె ఆగింది. కాగితం మీద అదే రాశారు. నాకు తెలిసింది అంతే.

మరో సంగతి. మీ గని, మీరంతా చిన్నబాయి అనే ఆ పాత గని, మూసే ఉత్తర్వు మా ఆఫీసుకు వచ్చింది. సెప్టెంబరు నుంచి మీ తొంభై ఆరు మందినీ పెద్దబాయికి మారుస్తారు. ఇల్లు మారనక్కరలేదు. బెల్లంపల్లి నుంచి కంపెనీ బస్సు వేస్తారు. నోటీసు బోర్డు మీద చూసేలోపు నా నుంచి తెలియాలని రాస్తున్నాను.

మీ బావ,
జాన్ ప్రసాద్


బెల్లంపల్లి,
2 ఆగస్టు 2003.

బావకు యేసుదానం వందనాలు.

నీ ఉత్తరం ముట్టింది. అది వచ్చిన మూడొద్దులకు నోటీసు పెట్టిన్రు. అందరు దాని ముంగట గుంపుగూడితె ఎల్లేశం కాక ఎనకనుంచి "ఏందిరా, కొత్త సినిమా పడ్డదా?" అన్నడు. ఎవ్వలు నవ్వలే. కాకకు ఇంక రెండేండ్ల సర్వీసున్నది. నాయినతోటి పనిచేసినోళ్లల్ల మిగిలింది ఆయనొక్కడే.

ఈడ మేనేజరు సారుకు మా అందరి పేర్లు ఎరుక, మా పిల్లల పేర్లు గూడ ఎరుక. మొన్న నేను మొఖం గుంజుకొని దిగబోతుంటె ఆపిండు. "యేసుదానం, నీ అక్క పోయి రెండు నెల్లు గాలే. ఇయ్యాల మీదనే లైట్లు తుడువు, కిందికి పోకు" అన్నడు. పెద్దబాయిల గట్ల ఎవలంటరు?

నీకు మా కర్ర సంగతి ఎరుకే. మీ పెద్దసార్లకు చూపెట్ట పనికొస్తదని పూర్తిగ రాస్తున్న. బాయి లోపల తలమీది కప్పును కొట్టి చూసే కర్రను మేము కింద పెట్టం. డ్యూటీ అయిపోయినోడు పనిజాగల్నే కర్ర పట్టుకొని నిలబడుతడు. డ్యూటీకొచ్చినోడు ఆడికే వస్తడు. ఇద్దరు కలిసి కప్పు కొట్టి ఇంటరు. గంట లెక్క మోగితె మంచిది. పగిలిన కుండ లెక్క బోలుగ వస్తె ఆడ కప్పుకు ఆసరగ కట్టె దిమ్మె నిలబెట్టాలె. పోయెటోడు ఏమిన్నడో చెప్తడు. వచ్చినోడు అదే మాట తిరిగి చెప్తడు. గప్పుడు కర్ర చెయ్యి మారుతది. ఇరవై నిమిషాలు పడుతది. నాయిన ఇరవై ఎనిమిదేండ్లు గిట్లనే చేసిండు. మా బాయిల కప్పు కూలి ఒక్కడు పోలే.

పెద్దబాయిల గిది లేదట. మీదికొచ్చి రిజిస్టర్ల రాసి ఇండ్లకు పోతరట. బావా, నువ్వు పనికి టైము లెక్కగట్టే వర్క్ స్టడీ సెక్షన్ల ఉన్నోనివి. పెద్దసార్లు నీ మాట ఇంటరు. మా మందికి ఆ ఇరవై నిమిషాలు ఇడిసిపెట్టుమని చెప్పు. ఇంకేం అడుగం.

ఆ జాకెట్టు సారవ్వదే. కూడికకు వచ్చినప్పుడు మిషను మీద చూసిందట గాని అడుగ నోరు రాలేదట. మిషను మాత్రం వద్దంటున్నది, అది వదినె జాగ, ఆడనే ఉండనియ్యి అంటున్నది.

యేసుదానం


గోదావరిఖని,
25 ఆగస్టు 2003.

ప్రియమైన యేసుదానానికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను చేయగలిగింది లేదు. కారణం రాస్తాను, కోపగించుకోకు.

పెద్దబాయిలో పద్దెనిమిది వందల మంది. మనిషికి ఇరవై నిమిషాలంటే రోజుకు ఆరు వందల గంటలు. ఆ లెక్కతోనే తొమ్మిదేళ్ళ కింద రిజిస్టరు వచ్చింది. అక్కడ ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ముఖం తెలియని మనుషుల మధ్య కాగితమే నడవాలి. మనిషి మరిచిపోతాడు, అలిగి చెప్పకుండా పోతాడు, తాగి వస్తాడు. కాగితానికి అవేవీ లేవు. ఇది నేను నమ్మిన మాట.

మీ అక్క నమ్మేది కాదు. ఈ విషయం మీద మా ఇంట్లో చాలాసార్లు అన్నం చల్లారిపోయింది. "మీ ఆఫీసోళ్లకు తెల్వనిది ఒకటి ఉన్నదంటె మీరు ఒప్పుకోరు. మా నాయిన పక్కన రెండొద్దులు కూసోండి, తెలుస్తది" అనేది. నేను నవ్వేవాణ్ని.

రిజిస్టరులో ఆఖరున రిమార్కుల గడి ఉంది. చెప్పాలనుకున్నది అందులో రాయి. రాసినది పోదు.

జాకెట్టు మడిచి మీ అక్క బైబిలు పక్కన పెట్టాను.

జాన్ ప్రసాద్


బెల్లంపల్లి,
16 నవంబరు 2003.

బావకు యేసుదానం వందనాలు.

పెద్దబాయికి వచ్చి రెండు నెల్లు దాటింది. ఈడ నా పేరు 1147. బిళ్ల మీద గదే ఉంటది. మొన్న మా మీదుండే ఓవర్మన్ "పదకొండు నలభయ్యేడు, ఇటు రా" అని పిలిస్తె ఎల్లేశం కాక ముంగటికి పోయి "నేను పదకొండు నలభయ్యెనిమిది సారు. తమ్మున్ని పిలిస్తె అన్నను గూడ పిల్వాలె" అన్నడు. ఓవర్మన్ నవ్వలే. కాక నంబరు రాసుకున్నడు.

రిజిస్టరు చూసిన. పందొమ్మిది గడులు. గాలి, నీళ్లు, దిమ్మెలు, తాళ్లు అన్నీ ఉన్నయి. కప్పు దగ్గర రెండే మాటలు: బాగున్నది, బాగలేదు. అందరు బాగున్నది మీదనే గీత కొడుతరు. బాగలేదంటె ఆగి జవాబు చెప్పాలె, ఇండ్లకు పోయే బస్సు పోతది. కాక ఒకరోజు అడిగిండు: "సారూ, కప్పు బాగనే ఉన్నది గాని గుసగుస పెడుతున్నది. ఏడ రాయాలె?" అన్నడు. "గుసగుసలకు గడి లేదు కాకా" అన్నరు. అందరు నవ్విన్రు. కాక గూడ నవ్విండు. బస్సెక్కినంక మాత్రం బెల్లంపల్లి దాక కిటికి కమ్మిని ఏలితోని కొట్టి ఇనుకుంట కూసున్నడు.

ఈడోళ్లు చెడ్డోళ్లు కారు బావా. ఒగలకొగలు ఎరుక లేదు, గంతే. తెల్వంది అడుగుదమంటె సిగ్గు. తెలిసింది చెప్పబోతె గొప్పలు పోతున్నడంటరు. గందుకే ఎవలు అడుగరు, ఎవలు చెప్పరు. మా చిన్నబాయిల ఒగనికి జరమొస్తె పొద్దుమీకేసరికి తొంభై ఆరిండ్లకు తెలిసేది. ఈడ నా పక్కన రెండు నెల్లు పనిచేసినోడు వచ్చుడు మానేసిండు. సచ్చిండో, బదిలీ అయిండో ఎవలకు తెల్వది.

ఇంకో మాట. ఆ కాగితం అడుగున సన్నటి అక్షరాలున్నయి. "నమూనా తయారుచేసినవారు: జె. జాన్ ప్రసాద్." పోయిన ఉత్తరంల "రిజిస్టరు వచ్చింది" అని రాసినవ్. వానొచ్చింది అన్నట్టు. నేను తెచ్చిన అని రాయలే.

అది పోనియ్యి. నేను అడుగుతున్నది వేరే. ఆపరేషనైనంక ఆదివారం సారవ్వ దవాఖానకు వచ్చింది కదా. అప్పుడు అక్క కుడికాలు పిక్క గుంజుతున్నదన్నదట. సారవ్వ గది మనసుల పెట్టుకున్నది. నేను ఎవలకన్న చెప్పకపోతిని, చెప్తె బతికేదేమో అని ఆర్నెల్ల నుంచి ఏడుస్తున్నది. అక్క నీకు గూడ చెప్పిందా? డాక్టర్లకు ఎరుకైందా? ఒక్క మాట రాయి. ఆమె పానం నిమ్మలపడుతది.

యేసుదానం


గోదావరిఖని,
9 డిసెంబరు 2003.

యేసుదానానికి,

ఆ కాగితం చేసింది నేనే. ఆ మాట రాయకపోవడం తప్పు.

కప్పు గురించి ఏ అనుమానం వచ్చినా ఆఖరి గడిలో రాయి. ఎల్లేశం గారికీ చెప్పు. చదవగలిగేటట్టు రాయండి, టైము వేయండి. రేపు ఏదైనా జరిగితే మీకు అదే రక్షణ.

సారవ్వను ఏడవవద్దను. మిగతాది తర్వాత రాస్తాను.

క్రిస్మసుకు రాలేను. ఈసారి ఇంటికి నక్షత్రం కట్టలేదు. పక్కింటివాళ్ళు తమ వైరు మా గుమ్మం దాకా లాగి ఒక దీపం వేలాడదీశారు. వద్దనలేకపోయాను.

జాన్ ప్రసాద్


బెల్లంపల్లి,
6 ఫిబ్రవరి 2004.

బావా,

ఎల్లేశం కాక పోయిండు. పేపర్ల రెండు లైన్లు ఏసిన్రు. పేరు ఎల్లయ్య అని తప్పు రాసిన్రు.

పోయిన మంగళవారం గాక అంతకుముందు మంగళవారం. నాది మొదటి షిఫ్టు. రెండున్నరకు పద్నాలుగో లెవెల్ల ఎడమ మూలకు కర్రతోని కొడితె బోలుగ పలికింది. దిమ్మె పెడుదమంటె ఆడ సామాను లేదు, షిఫ్టు అయిపోవస్తున్నది. మీదికొచ్చి నువ్వు చెప్పినట్టె ఆఖరి గడిల రాసిన. "పద్నాలుగో లెవెలు, ఎడమ మూల, బోలు సప్పుడు, దిమ్మె కావాలె." గుండ్రటి అక్షరాలతోని రాసిన. టైము ఏసిన.

బస్సుకాడికి ఉరుకుతుంటె కాక ఎదురొచ్చిండు, రెండో షిఫ్టుకు. "ఏంరా, మొఖం గంజిల పడ్డ ఈగ లెక్క పెట్టినవ్?" అన్నడు. నేను నవ్విన. బస్సు హారన్ కొట్టింది. "రేపు మాట్లాడుదం కాకా" అన్న. ఆయన ఆ దినం ఏ లెవెలుకు పోతడో నాకు తెల్వది. అడుగలే. రాసిన కదా అనుకున్న. రాసిన అంటె చెప్పిన అనుకున్న.

నాలుగున్నరకు కప్పు కూలింది. పద్నాలుగో లెవెలు, ఎడమ మూల.

చిన్నబాయిల అయితె కర్ర పట్టుకొని ఆడనే నిలబడేటోన్ని. బస్సు పోయినా సరే. కాక వచ్చి, కొట్టి, ఇని, "బోలుగున్నదిరా" అని తిరిగి చెప్పేదాక కదిలేటోన్ని కాదు.

ఇప్పుడు నా మీద చార్జిషీటు ఇచ్చిన్రు. ప్రమాదం తెలిసి చెప్పకుండ పోయిండట. రిమార్కుల్ల రాసుడు చెప్పినట్టు కాదట, నోటితోని ఓవర్మన్‌కు చెప్పాలెనట. బావా, గా మాట ఆ కాగితం మీద ఏడ ఉన్నది? సస్పెండు చేసిన్రు. ఇరవయ్యో తారీకు విచారణ. నౌకరి పోతదంటున్నరు. నౌకరి ఫికర్ తర్వాత. కాక పెండ్లాం పోశవ్వ మొన్న ఇంటికొచ్చింది. నన్ను తిట్టలే. "ఆఖరుకు నీతోనే మాట్లాడిండట గదా, ఏమన్నడు బిడ్డా?" అని అడిగింది. గంజిల ఈగ మాట చెప్పిన. నవ్వుకుంట ఏడ్సింది. బోలు సప్పుడు మాట చెప్పలేకపోయిన.

నీకు ఇది రాస్తున్నది నిన్ను అనడానికి కాదు. ఇంకెవలకు రాయాల్నో తెల్వలే. అక్క ఉంటె అక్కకు రాసేటోన్ని.

యేసుదానం


గోదావరిఖని,
21 ఫిబ్రవరి 2004, శనివారం.

ప్రియమైన యేసుదానానికి,

"రాసిన అంటె చెప్పిన అనుకున్న." నీ ఉత్తరంలో ఈ మాట దగ్గర ఆగిపోయాను. అదే మాట నా దగ్గర తొమ్మిది నెలలుగా ఉంది. నీకు ఇవ్వలేదు.

వరుసగా రాస్తాను.

ఆ ఆదివారం మీ అక్క పిక్క నొప్పి గురించి సారవ్వకు చెప్పకముందే నాకు చెప్పింది. నేను వెంటనే డ్యూటీలో ఉన్న సిస్టరుకు చెప్పాను. ఆమె చార్టులో రాసింది. దానికి గడి లేదు కనుక అంచున రాసింది. నేను చూశాను. రెండింటికి ఆమె వెళ్ళిపోయింది, మరో సిస్టరు వచ్చింది. వేడి చూసింది, నాడి చూసింది, గడులు నింపింది. నేను పక్కనే కుర్చీలో ఉన్నాను. చేతిలో పేపరు ఉంది.

మీ అక్క అడిగింది. "వచ్చినామెకు చెప్పినవా?"

"రాశారు" అన్నాను.

"రాసింది ఆమెకు వినబడుతదా? లేచి చెప్పరాదు."

"ఒకే మాట రెండుసార్లు చెబితే వాళ్ళకు కోపం వస్తుంది. పడుకో" అన్నాను.

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. మరునాడు ఉదయం ఆరింటికి ఊపిరి అందలేదు. ఏడింటికి పోయింది.

జూన్ నెలాఖరున డాక్టరును కలిశాను. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తిలోకి వెళ్ళిందన్నాడు. ముందురోజే తెలిసి ఉంటే మందు ఉండేదన్నాడు. మంచివాడే. ఎంతమందిని చూస్తాడో. నేను తల ఊపి వచ్చేశాను. తర్వాత నీకు, నాకు తెలిసింది అంతే అని రాశాను.

సారవ్వ తప్పు ఇందులో ఏమీ లేదు. ఆమె చెప్పాల్సిన మనిషి నేనే, నాకు ముందే తెలుసు. నవంబరులోనే ఈ ఒక్క మాట రాయమన్నావు. ఆమె ఏడుస్తోందని తెలిసీ మూడు నెలలు ఊరుకున్నాను. ఆ రిజిస్టరు కాగితం తయారుచేసిన తప్పుకంటే ఇది పెద్దది.

ఇక కాగితం సంగతి. 1994లో స్టాప్ వాచీ పట్టుకుని నేను మీ చిన్నబాయిలో దిగాను. మూడు రోజులు కొలిచాను. కొలిచింది మీ నాయిననే. పందొమ్మిది నిమిషాలు, ఇరవై ఒకటి, ఇరవై. మూడో రోజు ఆయన అడిగాడు. "అల్లుడా, ఏం రాస్తున్నవ్?"

"టైము, మామయ్యా."

"సప్పుడు రాయవా?"

దానికి గడి లేదని చెప్పాను. ఆయన కర్ర నా చేతికిచ్చి ఒకసారి కొట్టి చూడమన్నాడు. కొట్టాను. నాకు ఏ తేడా తెలియలేదు. తెలియలేదని ఒప్పుకోవడానికి నామోషీ అయి, తెలిసినట్టు తల ఊపాను. పైకి వచ్చి ఆ ఇరవై నిమిషాలను పని లేని సమయం కింద రాశాను. నా కాగితం అన్ని గనులకూ వెళ్ళింది. మీ మేనేజరు దాన్ని సొరుగులో పెట్టి మరిచిపోయాడు. చిన్న గని కనుక ఎవరూ అడగలేదు. అందుకే ఆ తర్వాత తొమ్మిదేళ్ళు మీరు బాగున్నారు.

నిన్న విచారణలో నీ తర్వాత నన్ను పిలిచారు. నువ్వు బయటికి వెళ్ళిపోయావు, ఎదురుపడి నా మొహం చూడలేదు. లోపల ఏం జరిగిందో నీకు తెలియదు. వాళ్ళంతట వాళ్ళు నన్ను రమ్మనలేదు. వారం కిందటే అర్జీ పెట్టుకుని వెళ్ళాను.

"రిమార్కుల గడిని ఎవరు, ఎప్పుడు చదవాలి?" అని అడిగారు.

"రాయలేదు" అన్నాను.

"ఎవరు రాయాల్సింది?"

"నేను."

"మరి ఆ గడి ఎందుకు పెట్టారు?"

"మనుషులు ఏదైనా చెప్పాలనుకుంటారు కనుక పెట్టాను. వినేవాళ్ళు ఉండాలని తోచలేదు."

నోటితో చెప్పాలన్న నిబంధన ఏ కాగితం మీదా లేదని, ఉన్న పద్ధతిని తీసేసింది నేనేనని, యేసుదానం నేను చెప్పినట్టే చేశాడని రాసి సంతకం పెట్టాను. నా డిసెంబరు ఉత్తరం గురించి కూడా చెప్పాను. నీ మీద చార్జిషీటు ఇక నిలవదని యూనియనువాళ్ళు అంటున్నారు. నన్ను సెక్షను నుంచి తీసేస్తారు. అది సరైనదే. ఇరవై నిమిషాల సంగతి అడిగాను. పరిశీలిస్తామన్నారు. ఆ మాట నేను చాలా ఫైళ్ళ మీద రాశాను. దాని అర్థం నాకు తెలుసు. మళ్ళీ అడుగుతాను.

పోశవ్వకు బోలు సప్పుడు మాట నువ్వు ఒక్కడివే చెప్పనక్కరలేదు. ఇద్దరం వెళ్దాం. ముందు నేను చెబుతాను.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. రేపు ఉదయం ప్యాసింజరు బండికి నేనే తెస్తాను. సారవ్వ జాకెట్టూ, దాని మిగతా బట్టా తెస్తాను. ఈ కాగితం నీ చేతికిచ్చి, నువ్వు చివరిదాకా చదివేవరకు మీ వాకిట్లోనే నిలబడతాను. చదివాక లోపలికి రమ్మన్నా సరే, పొమ్మన్నా సరే. ఏది అనేముందు ఒక్కటి చెయ్యి. ఏం విన్నావో నీ నోటితో నాకు తిరిగి చెప్పు. అప్పటిదాకా కదలను.

మీ బావ,
జాన్ ప్రసాద్